మూడు ప్రశ్నలకు మౌనం

1974 మార్చి 16, శనివారం, ఉదయం తొమ్మిది గంటలు. ధర్మవరంలో అప్పటికే వేడిగాలి లేచి వీధిలోని దుమ్ము గడపలు దాటుతోంది. ముత్యాలప్ప మగ్గం గుంతలో నడుము వరకు దిగి కూర్చొని పట్టుచీర నేస్తున్నాడు. సువార్త చెప్పుకొంటూ ఊళ్లు తిరిగే శాంతమ్మ మంచినీళ్లడిగి, అరుగుమీద కూర్చొని, వేదపుస్తకం తెరిచి పైకి చదివింది.

క్రీస్తు పుట్టుకకు కొన్ని వందల యేండ్ల ముందే ఒక ప్రవక్త పలికిన మాటలవి. రాబోయే రక్షకుడు చూపులకు చక్కనివాడు కాడట. ఆయనను చూచి జనం మొగం తిప్పుకొంటారట. పరుల దోషాలు మోస్తూ, ఎంత హింసించినా నోరు తెరవడట.

ముత్యాలప్ప చేతిలో అటూ ఇటూ పోగు నడిపే నాడె ఆగిపోయింది. పదేండ్లుగా అతని మొగాన బొల్లి పాకుతోంది. పెండ్లిపంక్తిలో అతని పక్క విస్తరి ఖాళీగానే ఉంటుంది.

“దేవుణ్ణి చూసి కూడా మొగం తిప్పుకొనిరా అమ్మా?”

“తిప్పుకొనిరన్నా. సొంతోళ్లే.”

నాటినుండి అతడు చాటుగా ప్రార్థనమందిరానికి పోసాగాడు. వచ్చే ఈస్టరుకు బాప్తిస్మమిస్తానని పాస్టరు మాట ఇచ్చాడు. ఈలోగా సంగతి పొక్కి, కులపెద్ద సోమప్ప పంచాయతీ కూర్చాడు.

“ఏమప్పా ముత్యాలా, ఆ మతంలో కలిసినావా, లేదా?”

ముత్యాలప్ప పలకలేదు. రక్షకుడు నోరు తెరవలేదు గనుక ఆయనవాడూ తెరవరాదని అతని నమ్మకం.

“నోట్లో పోగు ఇరుక్కుందేమో, తీయండప్పా!” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

సోమప్ప మూడుమార్లు అడిగాడు. మూడుమార్లకూ బదులీయనివాడు తప్పు ఒప్పుకొన్నట్టేనని అక్కడి కట్టు. వెలి వేశారు. మగ్గంమీది పాత పడుగు నేసి ముగియగానే, దాని కొసలకు కొత్త నిలువు పోగులు ఒక్కొక్కటే అతకడానికి ఇరుగుపొరుగు రావడం మానేశారు. నాలుగువేల పైచిలుకు పోగులు. ఇద్దరికి ఒకనాటి పని. అలవాటు లేని భార్య ఆంజినమ్మతో అతనికి ఆరు దినాలు పట్టింది.

“లేదని ఒక మాట అనింటే ఈడ ఉందుము. అవునని అనింటే ఆడికైనా పోదుము. ఇప్పుడు యాడికి పోవల్ల?” అన్నది ఆమె.

పాస్టరు చెవినా ఆ మౌనం పడింది. నలుగురిలో ఒప్పుకోనివానికి బాప్తిస్మం కుదరదన్నాడు. శాంతమ్మ మగ్గం దగ్గరికి వచ్చి తల పట్టుకొంది.

“నిన్ను మూగగా ఉండమని ఎవరన్యారన్నా? ఆయన నోరు మూసుకొన్నది మనకోసం!”

“నువ్వే చదివితివి కదమ్మా, తెరవలేదని!”

“చదివినాను. అది ఆయన పని. సాక్ష్యం చెప్పేది నీ పని.”

పంచాయతీలోనే ఆ మాట ఒప్పుకొని, విన్నవారిలో ఒకరిని సాక్షిగా తెమ్మన్నాడు పాస్టరు. ముత్యాలప్ప సోమప్ప ముంగిట నిలిచి, “అన్నా, నేను ఏసుసామి మనిషినే” అన్నాడు.

సోమప్ప వక్క నములుతూ, “తీర్పయిపోయింది. మళ్లా కూర్చునేది లేదు” అన్నాడు.

“పాస్టరుతో ఒక మాట చెప్పన్నా, నేనిట్ల అన్యానని.”

“ఎవరు అన్యారు? మాకు నువ్వు లేవు కదప్పా. లేనోని మాట నేనెట్ల మోసుకుపోయేది?”

ముత్యాలప్ప ఇంటికి వచ్చి గుంతలో దిగాడు.

ఆ ఈస్టరుకు గాని, తరువాత గాని అతనికి బాప్తిస్మం జరగలేదు. వెలీ ఎత్తలేదు. 1982 ఆగస్టులో జ్వరంతో చనిపోయాడు. కులంవారి శ్మశానంలోనూ, మందిరంవారి సమాధుల దొడ్డిలోనూ చోటు దొరకక, ఆంజినమ్మ, శాంతమ్మ కూలివాండ్లను పెట్టుకొని చిత్రావతి ఒడ్డున పూడ్పించారు. ఆంజినమ్మ సోమందేపల్లెలో తమ్ముని ఇంట చేరింది. శాంతమ్మ 1984లో పని చాలించి కదిరిలో స్థిరపడింది.