రేకుల షెడ్డుకు గృహప్రవేశం

మా డైరెక్టర్ జెసింత మేడం గురించి నేను ధైర్యంగా రాయగలను. ఎందుకంటే ఆమె తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ, తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేదు. గుడియాత్తం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసిన సామ్యుల్ గారి కూతురు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేను చిత్తూరులో ఫిజియోథెరపీ చదివి, ఉద్యోగమని వచ్చి ఈమె చేతిలో పడ్డాను. వేలూరు సత్తువాచారిలో, కలెక్టరాఫీసు దగ్గర, ఆమెకొక గది, కుర్చీ, ఫ్యాను అన్నీ ఉన్నాయి. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా చూసినవాళ్లు తక్కువ.

ఆరేళ్లలోపు పిల్లల్లో నడకో, మాటో, వినికిడో ఆలస్యమైతే ముందుగానే కనిపెట్టి సరిచేయడం మా ప్రభుత్వ పథకం పని. మొక్కగా ఉన్నప్పుడే చూసుకోవాలి, మానయ్యాక ఏం లాభం? ఏ బిడ్డైనా కొత్తగా ఒక మాట పలికిందని ఫోను చేస్తే చాలు, పెద్ద అధికారుల మీటింగులో ఉన్నా సరే, మేడం అక్కడే చప్పట్లు కొడుతుంది. కోపమొచ్చినా అంతే, ఇల్లు పీకి పందిరి వేస్తుంది.

గుడియాత్తంలోని మా కేంద్రానికి కార్తిని తెచ్చింది వాడి నాయనమ్మ చెల్లమ్మ. వాళ్లది ఇళ్లు కట్టే కుటుంబం. కొడుకు పాపన్ మేస్త్రి. కోడలు గోమతి సిమెంటు కలిపి మోస్తుంది. చెల్లమ్మ మనవణ్ణి చంకనేసుకొని అందరికీ వండిపెడుతుంది. వాడికి రెండేళ్లు దాటినా నిలబడడం లేదు. వేలూరు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేయించాం. ఎముకలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి, కాళ్లలో బలమే లేదు. చాప మీద నిలబెడితే కాలిన పెనం మీద పెట్టినట్టు రెండు పాదాలూ పైకి లాక్కొని ఏడ్చేవాడు.

వారానికి ఒక పూట మా దగ్గర చేయిస్తే చాలదు. "రోజంతా కింద వదలండి, పాకనివ్వండి, పట్టుకొని నిలబెట్టండి" అని చెప్పి పంపేవాణ్ణి. "సరే నాయనా" అనేది చెల్లమ్మ ఎంతో వినయంగా. మళ్లీ వారం చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇంతలో ఒకరోజు, మేడం మా కేంద్రానికి వచ్చి ఉన్నప్పుడు, గోమతి ఒక మాట చెప్పింది. "ఈ ఇంటి గోడల పూతపని అయిపోతే మేము నాట్రంపల్లికి పోతాము సార్. ఆడ ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడు ఆయన."

నాట్రంపల్లి మా జిల్లా కాదు. ఇక్కడ నడక రాకుండా వెళ్లిపోతే వీడు మా చేతిలోంచి జారిపోయినట్టే. అక్కడ మాత్రం ఎవరో ఒకరు చూడరా అనబోయి, మేడం ముఖం చూసి మింగేశాను.

"కొత్త ఊర్లో ఆపీసు యాడుండాదో ఎతుక్కునే లోపల వీనికి ఇంకో ఏడు నిండుతుంది. సీక్కిరం రా అప్పా! వీడు బతికే చోటు చూడల్ల" అని తొందరపెడుతూ ఆమె అప్పటికే స్కూటీ ఎక్కేసింది. ఆ సందుల్లో ఆమె బండి తోలిన తీరుకు, వెనక కూర్చున్న నేను మా దేవుళ్లకే కాదు, ఆమె దేవుడికి కూడా మొక్కుకున్నాను.

సగం పూసిన ఇల్లు. పక్కన పనివాళ్ల కోసం వేసిన రేకుల షెడ్డు. అందులో వెదురుకు కట్టిన చీర ఉయ్యాలలో కార్తి. మేము చూస్తుండగానే వాణ్ణి ఉయ్యాలలోంచి తీసి చంకనేసుకుంది చెల్లమ్మ. కాసేపటికి చంకలోంచి తీసి మళ్లీ ఉయ్యాలలో వేసింది. నేల మాటే లేదు.

"ఏమవ్వా! దించమంటే సరే సరే అని తలకాయ ఆడిస్తివే! యాల దించలేదు?" మేడం అరుపుకు పరంజా మీది వాళ్లు కూడా పని ఆపేశారు.

"ఎట్ల దించేదమ్మా? పాలు పొంగించని చోట పసిబిడ్డ కాలు పెట్టగూడదు. మా అత్త చెప్పిండాది. మీరు పెద్ద చదువులు చదివినోళ్లు, ఎదురు చెప్పలేక సరే అంటిమి. మా సొంతూర్లో, అణైకట్ పక్కన, మాకు ఇల్లుండాది. పండగకు పోయినప్పుడు ఆడ దించుతాము."

పండగ ఏడాదికి ఒకసారి. మిగతా రోజులన్నీ ఇలాంటి చోట్లే. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, కుడికాలు పెట్టి లోపలికి వెళ్లడం మనందరికీ తెలిసిందే. అయితే ఆ రోజు వచ్చేలోపలే వీళ్లు మూటాముల్లె సర్దుకొని ఇంకో పునాది దగ్గరికి పోతారు. పాలు పొంగే వేళకు వీళ్లుండరు, వీళ్లున్నన్నాళ్లు పాలు పొంగవు. మరి ఈ బిడ్డ కాలు ఎక్కడ మోపాలి? ఇదంతా మూఢనమ్మకమని చెప్పడానికి గొంతు కూడా సవరించుకున్నాను.

మేడం కళ్లు మాత్రం మెరిసిపోతున్నాయి. "పాలేనా? పాలు పొంగిస్తే దించుతావా అవ్వా?"

"ఈ ఇంట్లోనా? వేణామ్మా, వద్దు! ఇంటి ఓనరు ఒప్పుకోడు."

"ఆయన ఇంట్లో కాదు, నీ ఇంట్లో. ఇదో, ఈ షెడ్డులో."

"రేకుల షెడ్డుకు ఎవురన్నా పాలు పొంగిస్తారా!" చెల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"నువ్వు పండుకునేది యాడ?"

"ఈడనే."

"వండేది?"

"ఈడనే."

"మరి ఇది ఇల్లు కాక ఏమి?"

చెల్లమ్మ షెడ్డు వైపు కొత్తగా చూసింది. "నువ్వు చర్చికి పోయేదానివి గదమ్మా" అంది నెమ్మదిగా.

"పొంగించేది నువ్వు. నేను పొయ్యి ఊదుతా."

ఆ శుక్రవారం పొద్దున్నే మేడం కొత్త గిన్నె, పసుపు, మామిడాకులు పట్టుకొని దిగింది. పాలు తెచ్చే భాగ్యం నాది. గోమతి వాకిట్లో ముగ్గేసింది. పాపన్ మేకు గానీ రాయి గానీ లేకుండా ఇసుక జల్లించి షెడ్డు లోపలా బయటా పరిచాడు. కట్టెలు పచ్చివి. ఒకటే పొగ. డైరెక్టర్ గారు మోకాళ్ల మీద కూర్చొని ఊదీ ఊదీ ముఖమంతా మసి చేసుకున్నారు. గిన్నె అంచుకు నురగ రాగానే అందరం ఊపిరి బిగబట్టాం. పాలు పొంగి పొర్లాయి. "పొంగలో పొంగల్!" అని అందరికంటే ముందు అరిచింది మేడమే. పరంజా మీద ఈలలే ఈలలు.

మనవణ్ణి చంకనేసుకొని చెల్లమ్మ షెడ్డు ముందు ఆగిపోయింది. "ఎన్ని ఇండ్లు కట్టినామో అమ్మా. ముందు నువ్వు కాలు పెట్టమని నన్ను పిలిచినోళ్లు లేరు" అంది. కళ్లు తుడుచుకొని కుడికాలు లోపల పెట్టింది. ఆ తర్వాత కార్తిని ఇసుకలో దించింది.

వాడు మామూలుగానే పాదాలు పైకి లాక్కొని రాగం ఎత్తుకున్నాడు. ఆమె ఎత్తుకోలేదు. పట్టుకొని అలాగే ఉంది. కాసేపటికి ఒక పాదం ఇసుకను తాకింది, తర్వాత రెండోది. వేళ్లు కదిలాయి. ఏడుపు ఆగింది. వాడు ఆశ్చర్యంగా తన కాళ్లకేసి చూసుకున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మేడం అప్పటికే గంతులేస్తోంది.

ఆ రోజు నుంచి ఉయ్యాల రాత్రి నిద్రకే. పగలంతా వాడు ఇసుకలోనే. మేము వీలైనప్పుడల్లా వెళ్లి ఆటలు నేర్పాం. పాకాడు, నీళ్ల డ్రమ్ము పట్టుకొని లేచాడు, దాని చుట్టూ తిరిగాడు. డ్రమ్ము వదిలితే మాత్రం చతికిలపడేవాడు. అటు చూస్తే పూతపని అయిపోవస్తోంది. మా కంగారు గోడలకేం తెలుసు?

లారీ రానే వచ్చింది. షెడ్డు రేకులు ఎక్కించారు, పరంజా పలకలు ఎక్కించారు. వాడు మాత్రం ఇంకా డ్రమ్ము పట్టుకొనే నిలబడ్డాడు, ఒంటరిగా అడుగు వేయలేదు. మేడం దిగాలుగా నిలబడింది.

"యాల దిగులు? నాట్రంపల్లిలో షెడ్డు ఎయ్యగానే మొదులు పాలే పొంగిస్తా" అంటూ చెల్లమ్మ వంగి, అలవాటుగా మనవడి వైపు చేతులు చాచింది. లారీలోకి ఎక్కించాలి కదా.

కార్తి ఆమె చేతిని నెట్టేశాడు. డ్రమ్ము వదిలేశాడు. తూలాడు, నిలదొక్కుకున్నాడు, అడుగేశాడు. ఇంకో అడుగు. చేతులు రెండూ గాల్లో పెట్టుకొని లారీ వైపు నడిచాడు. ప్రతిదానికీ కేకలేసే మేడం నోటి మీద చేయి పెట్టుకొని కొయ్యబారిపోయింది.

"చూస్తివా అమ్మా!" చెల్లమ్మ నవ్వుతూ, ఏడుస్తూ ఫిర్యాదు చేసింది. "నన్ను ఎత్తుకోనీలేదు వాడు! నన్నే వద్దంటాడు!"

వాడు లారీ దగ్గర ఆగలేదు. దాన్ని దాటుకొని నేరుగా రోడ్డు వైపు పోతున్నాడు. మేడం చెప్పులు వదిలేసి వాడి వెనక పరుగెత్తింది.