బన్ను బిస్కెట్లలో నేను నూరి కలిపిన కిస్మిస్

నా రాత బాగుండదు. ముందే చెప్తున్నాను. ఐదో తరగతి దాకా చదివాను, అందులో సగం రోజులు మిరప చేలలోనే గడిచాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు సరిగా తెలియదు. మా ఇంట్లో మాట వేరు, బజారులో మాట వేరు, పుస్తకంలో మాట ఇంకా వేరు. పుస్తకంలో ఉన్నట్టు రాయాలని చూస్తున్నాను. తప్పులు కనబడితే ఆగకుండా చదవండి. మీరు ఆగితే నాకు భయమేస్తుంది.

ఒక మాట పదేళ్లకు పైగా నా లోపల ఉంది. పొద్దున్నే లేస్తే అదే ముందు లేస్తుంది. నా పెనిమిటితో చెప్పలేదు. నా బిడ్డతో చెప్పలేదు. కుక్క సంగతి అంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. కానీ నా వల్ల ఒక మనిషి తాను చెయ్యని పనికి చెడ్డ పేరు మోశాడు, ఇంకా మోస్తున్నాడు.

తెలంగాణ కోసం అందరూ రోడ్డు మీద ఉన్న రోజులవి. మేము గంగారం దిక్కు తండా నుంచి జనగామకు బతకడానికి వచ్చాం. నా పెనిమిటి మార్కెట్లో వడ్ల బస్తాలు మోసేవాడు. నేను హైదరాబాదు రోడ్డు పక్క సందులో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. ఆ ఇంటి సారు బ్యాంకులో ఆఫీసరు. వాళ్లది ఆంధ్ర. మేడం మంచి మనిషి. నేను కూర్చుని తినేదాకా తను బల్ల దగ్గర నుంచి లేచేది కాదు.

వాళ్లకు బన్ను అని ఒక కుక్క ఉండేది. తేనె రంగు, వేలాడే చెవులు. దుకాణంలో దొరికే బిస్కెట్లు తింటే దానికి ఒళ్లంతా దురద లేచేది. అందుకని మేడం ఇంట్లోనే దానికి బిస్కెట్లు కాల్చేది. చిన్న కరెంటు ఓవెన్ ఉండేది. నాకూ నేర్పింది. గోధుమ పిండి, గుడ్డు, ఉడికించి మెదిపిన క్యారెట్, ఎండబెట్టి పొడి కొట్టిన కోడి కార్జం. ఉప్పు వద్దు, తీపి వద్దు. సగం జొన్నపిండి కలిపితే కరకరలాడతాయని చెప్పింది నేనే. మేడం నా మాట విని అలాగే చేయించింది. నా చేతులకు జొన్న రొట్టె తప్ప ఇంకేమీ రాదనుకునేదాన్ని. ఆ రోజు ఎంత సంబరపడ్డానో.

నా బిడ్డకు అప్పుడు ఆరేళ్లు. సాయంత్రం ఇంటికి పోతే నా కొంగు వాసన చూసేది. నువ్వు రోజూ బిస్కెట్లు చేస్తావు, నాకెందుకు తేవు అని అడిగేది. అవి కుక్కకు అని చెప్పడానికి నోరు రాలేదు. రేపు తెస్తాను, కిస్మిస్ వేసి తెస్తాను అన్నాను. కిస్మిస్ అని ఎందుకన్నాను? మేడం వంటింటి అరలో సీసా నిండా రోజూ కనబడేది. మా ఇంట్లో ఎప్పుడూ లేదు. అందుకే అది నోటికి వచ్చింది.

అడిగితే మేడం ఇచ్చేది. ఇప్పటికీ నన్ను తినేది ఇదే. రెండు గుప్పెళ్ల కిస్మిస్, కొంచెం బెల్లం, కొంచెం పిండి. అడిగితే సంతోషంగా ఇచ్చేది. కానీ అడిగితే కుక్క తినేది నా బిడ్డకు కావాలని చెప్పినట్టవుతుందని అనిపించింది. దొంగతనం చేస్తే ఎవరి ముందూ చిన్నబోయే పని లేదనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఆ రోజు రోడ్డు మీద వంటా వార్పూ. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, బస్సులు లారీలు ఆపి, అక్కడే వండుకుని అక్కడే అందరూ తినడం. పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. సారు బ్యాంకుకు పోలేదు, మేడ మీద నిలబడి చూస్తున్నాడు. మేడం తలుపులు, కిటికీలు వేసుకుంటూ తిరుగుతోంది. వంటింట్లో నేను ఒక్కదాన్నే. పిండి రెండు ముద్దలు చేశాను. ఒక దాంట్లో బన్ను కోసం కార్జం పొడి. ఇంకో దాంట్లో నా బిడ్డ కోసం బెల్లం, కిస్మిస్. కిస్మిస్ పండ్లుగా కనబడితే దొరికిపోతానని రోట్లో మెత్తగా నూరి కలిపాను. అలా నూరకపోయి ఉంటే మేడం చూసేది. చూస్తే అడిగేది. అడిగితే బన్ను బతికేదేమో.

రెండు రేకుల మీద కాల్చాను. రెండూ ఒకే రంగు వచ్చాయి. చల్లారుతుండగా మేడం వంటింట్లోకి వస్తున్న చప్పుడైంది. గబగబా ఒక రేకువి బన్ను స్టీలు డబ్బాలో పోశాను, ఒక రేకువి గుడ్డలో కట్టి కొంగులో పెట్టుకున్నాను. ఏవి ఏవో చూసుకోలేదు.

మధ్యాహ్నం యాదగిరన్న వచ్చాడు. ఆయన పేరు మార్చి రాస్తున్నాను. నా పేరు రాయడం లేదు. ఇప్పటికీ నాకు ఎంత భయమో దీన్ని బట్టే తెలుసుకోండి. యాదగిరన్న మా వాడకట్టులోనే ఉండేవాడు, ఆటో నడిపేవాడు. ఆ ఇంట్లో నాకు పని ఇప్పించింది ఆయనే. నా బిడ్డకు జ్వరం ముదిరితే వానలో దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. రోడ్డు మీద దీక్ష టెంటు వేసినప్పటి నుంచి రోజూ అక్కడే ఉండేవాడు. ఆ రోజు విస్తరాకులో బగారన్నం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. వెనక పది మంది ఉన్నారు.

"ఏం చెల్లె, నువ్వు రావా రోడ్డు మీదికి? మీ సారోళ్లు సుట్టి ఇయ్యలేదా?"

"పనైనంక వస్తనే."

"సరె తియ్. గీ పోరనికన్న పెడ్త. రోజు నీ బిస్కెట్లేనాయె. తెలంగాణ బువ్వ తిని సూడు బన్నూ, రేపటి సంది నువ్వు గూడ జై కొడ్తవ్."

గేటు కమ్మీల సందులో నుంచి రెండు ముద్దలు పెట్టాడు. బన్ను తోక ఊపుకుంటూ తిన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడ మీద సారు నవ్వలేదు.

సాయంత్రం ఇంటికి పోయి గుడ్డ విప్పాను. నా బిడ్డ ఒకటి కొరికింది. మొహం అదోలా పెట్టింది. "యాడీ, తియ్యగ లేదు" అన్నది. యాడి అంటే మా మాటలో అమ్మ. నేనొకటి నోట్లో వేసుకున్నాను. కార్జం వాసన. నా బిడ్డ కుక్క బిస్కెట్ తిన్నది. నేను అప్పుడు దాని గురించే ఏడ్చాను. బన్ను గురించి ఆలోచనే లేదు. బెల్లం వాసనకు మేడం దొంగతనం కనిపెడుతుందేమో, రేపు ఏం చెప్పాలి, అంతే.

మర్నాడు పొద్దున పోగానే మేడం నవ్వుతూ ఎదురొచ్చింది. "నిన్న బిస్కెట్లు ఎంత ఇష్టంగా తిన్నాడో తెలుసా? డబ్బా దగ్గర నుంచి కదలడే. సగానికి పైనే తినిపించేశాను" అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది. దొరకలేదు అనుకున్నాను. డబ్బాలో మిగిలినవి కొంగులో దాచి, చెత్త కుండీలో పడేసి వచ్చాను. వచ్చేసరికి బన్ను వరండాలో కక్కుకుంటోంది.

పశువుల డాక్టరు వచ్చాడు. కొత్తగా చదువుకుని వచ్చిన పిల్లగాడిలా ఉన్నాడు. కడుపు నొక్కి చూశాడు, నోరు తెరిచి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ తర్వాత నడిచిన మాటలు ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

"వంట చేసేది నువ్వేనామ్మ?"

"నేనే సార్."

"నిన్న ఏం పెట్టిన్రు దీనికి?"

"రోజు పెట్టేటియే సార్. బిస్కెట్లు."

"బిస్కెట్లల్ల ఏమేం ఏసినవ్?"

పిండి, గుడ్డు, క్యారెట్, కార్జం అని చెప్పాను.

"ఇంకేమన్న? చాక్లెట్, ఉల్లిగడ్డ? ద్రాక్షపండ్లు, కిస్మిస్ గిట్ల?"

"కిస్మిస్ తింటె ఏమైతది సార్?" అన్నాను.

"మనకేం గాదు. కొన్ని కుక్కలకు విషం లెక్క, కిడ్నీలు ఖరాబైతయ్. తిన్నదంటె చెప్పు, ఇప్పుడే వరంగల్ తోల్కపోయి సెలైన్లు పెట్టిస్తె బతకొచ్చు."

మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పమ్మా, పొరపాటున ఏమైనా కలిపావా? నేనేమీ అనను."

ఆమె అన్నది ఆ మాట. నేనేమీ అనను అని ఆమె నోటితో అన్నది. ఇంకేం కావాలి నాకు?

"లేదు సార్. ఏం ఎయ్యలేదు."

ఎందుకన్నాను? పని పోతుందనా? ఉండవచ్చు. దొంగ అంటారనా? అదీ ఉండవచ్చు. కానీ చాలాసార్లు ఆలోచించాను. నా బిడ్డ కోసం కుక్క పిండి దొంగిలించానని, ఆ బిడ్డ కుక్క బిస్కెట్ తిన్నదని వాళ్లందరి ముందు చెప్పాల్సి వస్తుంది, అది నా వల్ల కాలేదు. ఒక ప్రాణం కంటే నాకు నా సిగ్గే ఎక్కువైంది.

వెంటనే సారు అన్నాడు. "నిన్న ఆ ఆటోవాడు అన్నం పెట్టాడు. నా కళ్లతో చూశాను." డాక్టరు, విషం మందు పెట్టినట్టు అనిపించడం లేదు అన్నాడు. సారు వినలేదు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరి మాటా వినేటట్టు లేరు. వాంతులు ఆగడానికి సూది వేసి డాక్టరు వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా పోలీసులు వచ్చి యాదగిరన్నను స్టేషన్‌కు తీసుకుపోయారు.

సాయంత్రం యాదగిరన్న భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు. గడప పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఆడనే ఉన్నవ్ గద చెల్లె. ఆయన ఉత్త అన్నమే పెట్టిండని వచ్చి ఒక్క మాట చెప్పు."

"నేను లోపల ఉన్ననక్కా. చూడలేదు."

ఇది రెండో అబద్ధం. దీనికి నా దగ్గర సిగ్గు అనే సాకు కూడా లేదు. అన్నమే పెట్టాడని సాక్ష్యం చెప్తే, మరి కుక్క ఏం తిన్నదని మళ్లీ నన్ను అడుగుతారు. అందుకే చూడలేదన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆమెకు అర్థమైందా? ఏమో. మళ్లీ ఎప్పుడూ నన్ను చెల్లె అనలేదు.

నాలుగో రోజు బన్ను చనిపోయింది. చివరి రెండు రోజులు ఒంటికి పోవడం కూడా ఆగిపోయింది. నేను దగ్గరికి పోతే తల ఎత్తలేక తోక మాత్రం కదిలించేది. ఇంకెవరి చెయ్యి చూసి ఊపినా నయముండేది, నా చెయ్యి చూసి తోక ఊపింది.

యాదగిరన్నను రెండు రోజులు కూర్చోబెట్టి వదిలారు. ఒక చెంప వాచి ఉంది. ఆయన బయటికి వచ్చాక జరిగింది ఇంకా ఘోరం. టెంటు దగ్గర కొందరు ఆయన వీపు తట్టారు. "ఆంధ్రోని కుక్కకు మంచి మందే పెట్టినవ్ రా" అన్నారు. "నేను పెట్టలే" అన్నాడాయన. "మా కాడ గూడ దాస్తున్నవా" అని నవ్వారు. ఆ మాట పడ్డప్పుడు నేను రోడ్డుకు ఇవతల కూరగాయలు పట్టుకుని నిలబడి ఉన్నాను. కొట్టినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో చూడలేదు. మెచ్చుకున్నప్పుడు చూశాను. ఆ తర్వాత ఆయన టెంటు దగ్గరికి పోలేదు. తెలంగాణ వచ్చిన రోజు అందరూ రంగులు చల్లుకుంటుంటే ఆయన ఆటో ఇంటి ముందే ఉంది.

ఆ గొడవలో ఎవరో ఆ ఇంటి కిటికీ మీద రాయి వేశారు. సారు బదిలీ చేయించుకున్నాడు. సామాన్లు ఎక్కించే రోజు మేడం ఓవెన్ నా చేతిలో పెట్టింది. "నీ బిడ్డకు ఏమైనా చేసి పెట్టు. ఈ ఊళ్లో మమ్మల్ని మనుషులుగా చూసింది నువ్వొక్కదానివే" అన్నది. తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతుందని తీసుకున్నాను. ఒక్కసారి కూడా ప్లగ్గు పెట్టలేదు. పాత సామాన్లు కొనేవాడికి వేశాను.

ఈ మధ్య మానుకోట రైలు స్టేషన్ బయట యాదగిరన్న కనబడ్డాడు. ఇప్పుడు అక్కడే ఆటో నడుపుతున్నాడట. జుట్టు తెల్లబడింది. "మంచిగున్నవా చెల్లె? బిడ్డ ఏం సదువుతంది?" అని అడిగాడు. నర్సు చదువుతుంది అన్నాను. మాట్లాడుతుంటే ఒక వీధి కుక్క వచ్చి ఆయన చేతిలో ఉన్న రొట్టె కేసి చూసింది. ఆయన అటూ ఇటూ చూశాడు. "నేను వీటికి ఏం పెట్టను చెల్లె. మల్ల ఏమన్న అయితే నా మీదికే వస్తది" అని రొట్టె జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. రైలు టైమైంది అని వచ్చేశాను. రైలుకు ఇంకా గంట ఉంది.

ఇది ఆయనకు చెప్పాల్సిన మాట. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరు నా మొహం చూడలేరు. ఆయన ఎదురుగా చెప్పే ధైర్యం వస్తుందా? వస్తుందని రాస్తే అది మూడో అబద్ధమవుతుంది. ఆ మేడం ఎక్కడుందో కూడా తెలియదు. ఈ ఊరు తన కుక్కను చంపిందని అనుకుంటూనే ఎక్కడో ఉండి ఉంటుంది. ఊరు కాదమ్మా. నేను.

బన్ను తిన్న కిస్మిస్ నేను నూరింది. ఆయన పెట్టింది ఉత్త అన్నం. ఈ రెండు మాటలు ఇన్నేళ్లలో మొదటిసారి నా చేత్తో రాశాను. రాసి, ఒకసారి బయటికి చదువుకున్నాను. గుండెల మీద పట్టేసినట్టుండేది కొంచెం వదిలింది. వదిలినందుకు కూడా సిగ్గుగానే ఉంది, ఆయనకు ఏమీ వదల్లేదు కదా.

అక్షరాల్లో తప్పులుంటే మన్నించి సరిచేసుకుని చదవండి. మిమ్మల్ని అడిగేది అంతవరకే.