గడియారం సారు బొటనవేలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా అక్కర్లేకపోయింది. విద్యా పరిశోధన విభాగంలో అటెండరు దగ్గర నుంచి పెద్ద ప్రొఫెసరు దాకా అందరికీ ఆయన గడియారం సారే. ముప్పై ఏళ్ళుగా మెడలో నల్లతాడుకి ఒక స్టాప్‌వాచి వేలాడుతూ ఉంటుంది. తాడు నాలుగుసార్లు మారింది గాని వాచీ మారలేదు.

పని వినడానికి తేలిక. బడికి వెళ్ళాలి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక కాగితం చేతికివ్వాలి, ఒక్క నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా పైకి చదివిందో రాసుకోవాలి. కష్టం ఎక్కడుందో చేసినవాడికే తెలుస్తుంది. పిల్ల తడబడి మన మొహంలోకి చూస్తుంది. మనం తల ఊపకూడదు, "ఊఁ" అనకూడదు. అరవయ్యో సెకను రాగానే మీట నొక్కెయ్యాలి, పిల్ల నోట్లో మాట ఉన్నా సరే. ఆ నొక్కడంలో గడియారం సారుని మించినవాడు లేడు. "మీతో పోట్లాడాలన్నా భయమే, నిమిషం కాగానే ఆపెయ్యమంటారేమో" అని భార్య బతికున్న రోజుల్లో దెప్పేది.

అలాంటి మనిషి చేతిలో ఈ తప్పు జరిగిందంటే ఎవరూ నమ్మరు. ఎవరూ అనుమానించకపోవడం వల్లే ఇంతదాకా వచ్చింది.

ఆయనకి ఒక మనవరాలు. తొమ్మిదేళ్ళది, పిచికలా ఒకచోట నిలవదు గనక అందరూ పిచిక అనే పిలుస్తారు. నోరు తెరిస్తే వసపిట్టే గాని, పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. అక్షరాలన్నీ కలిసి తన మీదికి వస్తున్నాయనేది. కోడలు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది, బతిమాలింది, ఒకసారి కొట్టి తనే ఏడ్చింది.

ఆ ఏడే విభాగంలో మేడమ్ ఒకావిడ పిచిక చదివే బడిలో ఒక క్లాసు మొదలుపెట్టింది. ఇద్దరేసి పిల్లలు ఒకే పుస్తకం ముందు కూర్చుంటారు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు అక్షరం కింద వేలు జరుపుతారు. పిల్లలు దానికి వేలి క్లాసు అని పేరు పెట్టేశారు. ఈ క్లాసు వల్ల చదువు నిజంగా మెరుగవుతుందా అన్నది మేడమ్ తేల్చాలి. తేలితే బడివాళ్ళు ఏటా నడుపుతారు, లేకపోతే క్లాసు జరిగే గది మళ్ళీ విరిగిన బెంచీలకే.

చదవలేని పిల్లలు డెబ్భై ఇద్దరు దొరికారు. ముందు అందరికీ ఒక పరీక్ష పెట్టి, తరవాత చీటీలు తీశారు. సగం మందికి క్లాసు, సగం మందికి లేదు. పిచికకి క్లాసు వచ్చింది.

"మీ మనవరాలున్న గుంపుని చివరి పరీక్షలో మీరు చూడకూడదు సారూ, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అంది మేడమ్. ఆ గుంపుని కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించి, క్లాసు లేని గుంపంతా ఈయనకిచ్చింది. ఎంత న్యాయమైన ఏర్పాటు అని అందరూ మెచ్చుకున్నారు. కొంప ముంచింది ఆ న్యాయమే.

నాలుగు నెలల తరవాత చివరి పరీక్ష. రెండో రోజున ఒక ఆడపిల్ల ఎదురుగా కూర్చుని, కాగితం అందుకోకుండా అడిగింది. "సారూ, ఆ క్లాసుకి మమ్మల్ని ఎందుకు పిలవలేదు? మాకు ఎలాగూ రాదనా?"

ఏం చెప్తాడు? చీటీ అనా? తన మనవరాలికి వచ్చిన చీటీ ఈ పిల్లకి రాలేదనా? కాగితం పిల్ల చేతిలో పెట్టి మీట నొక్కాడు. పిల్ల చదవడం మొదలుపెట్టింది. అరవై వచ్చేసరికి ఒక మాట సగంలో ఉంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి బొటనవేలు కిందికి దిగలేదు. పాపం, మాట పూర్తి చెయ్యనీ అనుకున్నాడు. తరవాతి పిల్లవాడికి మాటతో పాటు వాక్యం కూడా పూర్తయింది. ఆ తరవాతి పిల్లకి లైను పూర్తయింది. ఫారంలో మాటల సంఖ్యకి గడి ఉంది గాని సెకన్లకి లేదు. సెకన్లంటే అరవయ్యేగా, గడి ఎందుకు?

లెక్క వచ్చింది. వేలి క్లాసు పిల్లలు నిమిషానికి సగటున మునుపటికన్నా పందొమ్మిది మాటలు ఎక్కువ చదివారు, క్లాసు లేనివాళ్ళు పదహారు. మూడు మాటల తేడా. ఈ గణాంక శాస్త్రం వెనకనుంచి మొదలవుతుంది. క్లాసు వల్ల తేడా ఏమీ లేదనే ముందుగా అనుకోవాలట. దాన్ని శూన్య పరికల్పన అంటారు. నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం చీటీల అదృష్టం వల్ల ఇంత తేడా కనబడే వీలు నూటికి అయిదు కన్నా తక్కువ ఉంటేనే ఆ శూన్యాన్ని తోసెయ్యడం. ఇక్కడ నూటికి పదకొండు వచ్చింది. "శూన్య పరికల్పనని తోసిపుచ్చలేకపోయాం" అని మేడమ్ రాసింది. బడి పెద్దలు అందులో శూన్యం అన్న మాట ఒక్కటే చదివారు.

"రుజువు కాకపోవడం వేరు, పనికిరాదని తేలడం వేరండీ" అని మేడమ్ మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ వచ్చే సోమవారానికి గదిలో బెంచీలు చేరాయి.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం పిచిక పుస్తకం విసిరికొట్టింది.

"మళ్ళీ అక్షరాలు కదులుతున్నాయి తాతయ్యా."

"నిదానంగా చదువమ్మా."

"పరీక్ష నీ దగ్గరయితే బాగా చదివేదాన్ని. మాకు వచ్చిన ఆవిడ సగం మాటలో ఠక్కున ఆపేసింది. నీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఏమన్నారో తెలుసా? గడియారం తాతయ్య మంచోడే, లైను అయ్యేదాకా ఆపలేదు అన్నారు."

ఇన్నాళ్ళూ అది ఒక్కో పిల్లకి చేసిన చిన్న దయ అనుకున్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎంతమందికి ఆగాడు? ఆ మూడు మాటల తేడా అయిదయ్యేదో, ఏడయ్యేదో! క్లాసు లేని పిల్లలకి తను దానం చేసిన సెకన్లు క్లాసుని మింగేశాయి. అడిగిన ఆ పిల్లకి వచ్చే ఏడు రావలసిన క్లాసు కూడా అందులోనే పోయింది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే కాబోలు.

మర్నాడు మేడమ్ గది తలుపు తియ్యకముందే బయట నిలబడి ఉన్నాడు. అంతా చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ మొహంలో ఆశ కనబడింది, అది చూసి ఇంకా భయం వేసింది ఆయనకి.

"ఎంతమందికి సారూ?" అంది కాగితం ముందుకు లాక్కుంటూ.

"చాలామందికి. అందరికీ కాదు."

"ఎన్నేసి సెకన్లు? అందరికీ ఒకే లెక్కన ఇచ్చి ఉంటే చెప్పండి, అంతా తీసేసి మళ్ళీ కడతాను."

ఆయన తల వంచుకున్నాడు. "మొహం చూసి ఇచ్చాను మేడమ్."

కలం కింద పెట్టేసింది ఆవిడ. మొహం చూసి ఇచ్చినదాన్ని ఏ సూత్రం వెనక్కి తీసుకోగలదు?

"మళ్ళీ పరీక్ష పెట్టండి. నేను ఆ బడి ఛాయలకి కూడా రాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ మాటనకండి. క్లాసే ఆగిపోయాక దేనికని పరీక్ష? పైగా ఇది బయటపెట్టి రాస్తే మీరు ఇదివరకు కొలిచినవన్నీ అనుమానంలో పడతాయి, తెలుసా?"

"రాయండి. ఉన్నదున్నట్టు రాయండి."

"రాస్తాను. రాయక తప్పదు." కింద పెట్టిన కలం మళ్ళీ తీసుకుంటూ అంది. "క్లాసు పనిచేసిందో లేదో ఇంక మనకి తెలీదు సారూ. చేసిందని చెప్పలేను, చెయ్యలేదనీ చెప్పలేను. పనిచెయ్యలేదని తేలినా ఇంత బాధ ఉండేది కాదు."

ఆయన మెడలోంచి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని మెల్లిగా ఆయన వైపుకి జరిపింది.

"ఇక్కడ దాంతో ఎవరికీ పని లేదు. మీరే ఉంచుకోండి."

తిట్టి ఉంటే బాగుండేది. దారి పొడుగునా ఆయనకి అదే మాట. తప్పు చేసినవాడికి కనీసం దాన్ని దిద్దుకునే దారంటూ ఒకటి ఉండాలి కదా, తనకి అదీ లేదు. ఇంత దయ తనలో ఉందని ముప్పై ఏళ్ళూ తెలియనే లేదు, తెలిసిన రోజునే అది కాస్తా విషమైంది. వీధిలో నడుస్తూనే ఏడ్చాడు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి పిచిక గుమ్మంలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది. పక్కన జత లేదు గనక తన వేలు తనే జరుపుకుంటోంది.

"గడియారం పట్టు తాతయ్యా. నా చదువు ఎంత పోయిందో చూద్దాం."

వద్దనలేకపోయాడు. ఎదురుగా కూర్చుని మీట నొక్కాడు. పిచిక చదువుతోంది, ఆగుతోంది, ఆయన మొహంలోకి చూస్తోంది. ఆయన రాయిలా ఉన్నాడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. పిల్ల నోట్లో "కిటి" దాకా వచ్చింది.

టక్కున నొక్కేశాడు.

"అయ్యో, ఒక్క అక్షరమే ఉంది తాతయ్యా! వాళ్ళకి ఇచ్చావుగా!"

"ఇచ్చాను" అన్నాడు. "అందుకే నీ క్లాసు పోయిందమ్మా. నేనే పోగొట్టాను."

పిచికకి ఏం అర్థమయిందో తెలియదు. తల వంచి, మిగిలిన అక్షరం మీద వేలు పెట్టి, మెల్లిగా "కీ" అంది.

ఆయన కాగితం మీద ముప్పై ఆరు అని రాశాడు. ఆ మాట అందులో లేదు.