ధనుంజయన్న దీవి

దసరా మరుసటి రోజు పొద్దున్నే ధనుంజయన్న కంప్యూటర్ పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకొని మా షాపుకొచ్చాడు. వెనకాలే ఆయన భార్య హులిగమ్మ వదిన, చేతిలో వైర్ల చుట్టతో.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర నాది కంప్యూటర్ల రిపేరు షాపు. నా పేరు జయరాజు. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అంటారు. అంటే అన్నారు గానీ, ఆ పెట్టె మూత తీసి చూస్తే మీకూ వచ్చేది. లోపల బోర్డు మీద వరసగా ఐదు కుంకుమ బొట్లు. ఫ్యాను రెక్కలకు పసుపు. అడుగున టెంకాయ నీళ్ళ మరక. తీగల సందున బంతిపువ్వు రేకు.

"ఏందన్నా ఇది?"

"ఆయుధ పూజప్పా. మగ్గానికి చేసినాము, కత్తెరకు చేసినాము, దీనికి చేయకుంటే ఎట్ల?"

"పైన పెడితే సాలదని నేనే మూత తీపిచ్చినా," అంది వదిన. "పనిముట్టు పని చేసే కాడ గదా బొట్టు పెట్టాల్సింది."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా పాస్టరుగారు చదివినా చదవొచ్చు. వాళ్ళిద్దరూ తల వంచుకొని అన్నీ విని, చివర్లో ఒక్కటే అడిగారు: "దీవి పోయినట్లేనా?"

దీవి సంగతి చెప్పాలి. ధనుంజయన్నది నేతవాళ్ళ ఇల్లు. నలభై ఏళ్ళుగా గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనిషి. పద్నాలుగేళ్ళ కింద కూతురు సుమతి డిగ్రీలో చేరినప్పుడు నా దగ్గరే ఈ పాత కంప్యూటర్ కొన్నాడు. కొసరు ఏదైనా ఇస్తే గానీ లేవనని కూర్చుంటే, విసిగిపోయి ఒక గేమ్ సీడీ చేతిలో పెట్టి పంపాను. 'ఏజియన్ హార్బర్స్' దాని పేరు. ఆదోని నుంచి పది తెచ్చి పెడితే ఒక్కటీ కదల్లేదు. రెండున్నర వేల ఏళ్ళ కిందటి గ్రీకు దేశం. ఒక దీవికి మనం దొర. పంటలు పండించాలి, ఓడలు కట్టాలి, సైన్యాన్ని పోగేసి పక్క దీవుల మీద పడాలి. తుపాకులు లేవని కాలేజీ పిల్లలు దాన్ని ముట్టనే లేదు. నాకు తెలిసి ఈ చుట్టుపక్కల దాన్ని ఆడినవాడు ఈయనొక్కడే.

సుమతి చదువైపోయి కౌతాళంలో టీచరైంది. కంప్యూటర్ మాత్రం మగ్గం పక్కనే ఉండిపోయింది. నేత ముగిసిన సాయంత్రాల్లో ఈయన మౌసు పట్టుకుంటాడు. వదిన రాట్నం ముందు కండెలు చుడుతూ, ఎక్కడ ఏం కట్టాలో చెబుతుంది.

"పోతే పోయిందిలే అన్నా. ఇంకో కంప్యూటర్‌లో మళ్ళీ మొదటి నుంచి ఆడుకో," అన్నాను.

ధనుంజయన్న ముఖం చిన్నబోయింది. "మా వీధోళ్ళంతా ఆడ ఉండారు జయరాజూ," అన్నాడు.

మగ్గం ఎత్తేసినవాళ్ళకంతా వీళ్ళు ఆ దీవిలో ఇల్లు కట్టారట. బెంగుళూరు పనికి పోయిన సాయినాథ్, ఆదోని మిల్లులో చేరిన గోవిందు, చూపు ఆనక మానేసిన సుబ్బమ్మత్త. ఒక్కొక్కరు మానేసినప్పుడల్లా ఒక ఇల్లు, ఒక మగ్గం. మొత్తం ముప్పై ఏడు ఇండ్లు. మా ఊళ్ళో వాళ్ళ వీధిలో ఇప్పుడు ఆడే మగ్గాలు మూడు.

"కొత్త పడుగు నూలు తెచ్చినా, మగ్గం మీది పాతదాని కొసలకే ఒక్కొక్క పోగూ అతుకుతాము గానీ, మగ్గం వట్టిది చేసి మొదలుపెట్టము," అంది వదిన. "దీన్ని కూడా అట్ల అతికియ్యి నాయనా."

నా కోపం ఎటు పోయిందో పోయింది. తిట్టినందుకు సిగ్గేసింది కూడా.

బోర్డు ఎటూ కాలిపోయింది. డిస్కు ఒకసారి చదివితే రెండుసార్లు మొండికేసింది. గేమ్ కొత్త కంప్యూటర్లలో పనే చేయదు. ఆ కాలం నాటిది ఊరంతటికీ ఒక్కటే మిగిలింది, నేను రసీదులు కొట్టుకునేది. దాన్నే ఖాళీ చేశాను. పాత డిస్కులోని దీవిని దాంట్లోకి ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాళ్ళు రోజుకు రెండుసార్లు వచ్చి, గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్ళారు. నాలుగో రోజు దీవి తెరుచుకుంది.

పద్నాలుగేళ్ళ రాజ్యం కదా, కోటలూ బురుజులూ ఉంటాయనుకున్నాను. ఒక్క సైనికుడు లేడు. సముద్రం ఒడ్డున వరసగా ఇండ్లు, ఇంటింటికీ మగ్గం, ఎండలో ఆరేసిన రంగు నూలు.

"మరి శత్రువులొస్తే?"

"గుడ్డలిచ్చి పంపుతాము. సలికాలం వాళ్ళకూ కావాల గదా," అన్నాడాయన.

తెర మూలలో బూర మోగి ఇంగ్లీషులో ఏదో పడింది. ధనుంజయన్న మెచ్చుకోలు అనుకొని ఇన్నేళ్ళూ దానికి దండం పెడుతున్నాడట. నా నోరు ఊరుకోదు, చదివి చెప్పేశాను. "పన్నెండుమంది దొరల్లో నువ్వే ఆఖరన్నా. దొరతనానికి పనికిరావని రాసినాడు."

ఆయన పగలబడి నవ్వాడు. "సరిగ్గానే రాసినాడు. నేను నేసేవాణ్ణి, దొరనెట్లయితా?"

వదిన ఇవేవీ వినడం లేదు. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క ఇల్లూ లెక్కపెడుతోంది. ముప్పై ఏడు దాకా వచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందరూ ఉండారు," అంది. తర్వాత భర్త భుజం తట్టింది. "రేవు పక్కన జాగా ఉంది సూడు. జయరాజుకొక ఇల్లు కట్టు."

"నాకు నేత రాదు వదినా. ఆ దీవిలో రిపేరు చేయడానికి ఏముంటుంది?"

"పనేం చేయొద్దులే. ఊరికే కూర్చొని అందర్నీ తిట్టు. ఇన్నేండ్లుగా ఆడ తిట్టేవాడే లేడు, ఊరు ఊరిమాదిరే లేదు."

నాకు నవ్వొచ్చింది. ధనుంజయన్న ముప్పై ఎనిమిదో ఇల్లు కట్టాడు. వాకిలి సముద్రం వైపు పెట్టమని నేనే అడిగాను.