రాగి చేనులో సైకిల్ దిగి నడిచిన మామ

మా కింది ఇంటి మామ పోయాడు. నేను ఆఫీసు మీటింగులో ఉండగా అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ పొద్దున లేవలేదు" అంది. "లేవకపోవడమేంటత్తా, జ్వరమా?" అని అడిగాను నేను, తెలివితక్కువదాన్ని. "నువ్వు రా పాపా" అని అత్త ఫోన్ పెట్టేసింది. అప్పుడు అర్థమైంది.

ఇలాంటప్పుడు మనుషులు కూలబడిపోతారు. నేను కూర్చోలేకపోయాను. యలహంకలో మా ఇంటికి చేరేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు, చుట్టాలు వస్తున్నారు, పోతున్నారు. ఒక నిమిషం నిలబడి బయటికి వచ్చేశాను. మెట్లకింద ఆయన సైకిలుంది. వంగి టైరు నొక్కి చూశాను. గాలి సరిగ్గా ఉంది. రాత్రే కొట్టినట్టున్నాడు. మనిషి లోపల అలా ఉంటే ఇక్కడ టైరు నొక్కుతున్నానేంటి అని నా మీద నాకే అసహ్యమేసింది, కానీ చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మాది గుంటూరు వైపు, ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాను. ఆయనది మూడు తరాలుగా ఇక్కడే. పీణ్యలో ఒక చిన్న మెషిన్ షాపులో లేత్ మిషన్ మీద ఇనప సామాన్లు చేస్తూ జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. మొదట్లో అంకుల్ అన్నాను. "అంకులంటే నా ఎనకాల ఇంకెవురో ఉండారేమో అనిపిస్తాది. మామా అను పాపా, సాలు" అన్నాడు. అప్పట్నుంచి మామే.

నా కాళ్లకి చక్రాలున్నాయని మా అమ్మ చిన్నప్పట్నుంచీ తిడుతుంది. ఒకచోట ఉండలేను. అందుకే మట్టిదారుల్లో, రాళ్లదారుల్లో తొక్కే గ్రావెల్ సైకిల్ ఒకటి కొనుక్కొచ్చాను. మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బొటనవేలితో టైరు మీద మీటి చెవి పెట్టి విన్నాడు. "గాలి ఎక్కువుండాది. రాళ్ల మీద ఎగిరి పడతావు" అన్నాడు. ఆయనది పాత ఇనుప సైకిల్. పెడల్ దగ్గరి పళ్లచక్రం చిన్నది తానే చేసి బిగించుకున్నాడు, ఎత్తులు ఎక్కడానికి. ఆ ఆదివారం నన్ను వెంటేసుకుని దొడ్డబళ్ళాపురం దాటించి కొండల్లోకి తీసుకుపోయాడు. నా సైకిల్‌కి పద్దెనిమిది గేర్లు. ఆయన వయసు అరవై మూడు. మొదటి ఎత్తులోనే నేను దిగి తోస్తున్నాను, ఆయన పైన బండమీద కూర్చుని బొరుగులు తింటున్నాడు.

ఆ దారులు చూడనివాళ్లకు చెబుతున్నాను. మన బెంగళూరుకి ఇంత దగ్గర్లో అలాంటి చోటుందంటే నమ్మరు. చెట్లు పెద్దగా ఉండవు. మోకాలెత్తు గడ్డి, గుండ్రటి బండలు, ఎప్పుడూ వీచే గాలి. కొండ మీద నుంచి చూస్తే అవతల లోయలో ఉత్తర పినాకిని ఏరు, వానాకాలంలో నీళ్లు, మిగతా రోజుల్లో ఇసక. కొండ దిగి ఏటికి చేరాలంటే లారీలు పోయే పెద్దరోడ్డు మీద చుట్టూ తిరగాలి. లేదంటే మధ్యలో ఒక అవ్వ రాగి చేను ఉంది, దాని గట్టు వెంబడి పోవాలి.

మామ ఆ చేను దగ్గరికి వస్తూనే సైకిల్ దిగేవాడు. "అవ్వా, పోతాండాం!" అని కేకేసేవాడు. అవ్వ కనపడినా కనపడకపోయినా కేక మాత్రం తప్పదు. చిన్న ఇనప గేటు తీసి, మేం లోపలికొచ్చాక గడియ పెట్టి, చేను పొడుగునా సైకిల్ నడిపించుకుంటూ పోయేవాడు. ఆ గడియ కూడా ఆయన లేత్ మీద చేసి తెచ్చిందే. నాకేమో ఒళ్లంతా చిరాకు. చదునైన గట్టు, హాయిగా తొక్కుకుపోవచ్చు కదా! "ఎవరూ చూడట్లేదు మామా" అన్నాను ఒకసారి. "చేను సూస్తాండాది కదా" అన్నాడు, నవ్వకుండా.

ఇంకో అలవాటు. దారి చీలిన ప్రతిచోటా ఎవరో ఒకర్ని ఆపి అడిగేవాడు. ఇరవై ఏళ్లుగా తిరిగే దారి! "మీకు తెలుసు కదా, ఎందుకడుగుతారు, టైం వేస్ట్" అని కసిరాను. "దారి కోసం కాదు పాపా. అడక్కుండా పోతే వాళ్లూర్లో దొంగల మాదిరి పోయినట్టుంటాది" అన్నాడు.

ఇంత చెప్పినవాడి దగ్గర తిరిగి కూడా నేనేం చేశానో చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నది అందుకే.

పోయిన ఏడు రాగి కంకి గింజ పట్టే రోజుల్లో, ఆ దారి మొత్తాన్ని ఫోన్లో మ్యాప్ చేసి సైకిలు వాళ్ల యాప్‌లో పెట్టాను. ఫోటోలు కూడా. పైన "నేను కనిపెట్టిన దారి" అని రాసుకున్నాను. సిగ్గులేదు నాకు. లైకులు వస్తుంటే మురిసిపోయాను. తర్వాతి ఆదివారం ఓ గుంపు పోయిందట. గట్టు మీద తొక్కారు, గేటు బార్లా తీసి వదిలేశారు, గడియ వంగిపోయింది. ఊరి గొర్రెలు చేన్లో పడి కంకులు మేసేశాయి.

ఇదేమీ తెలియక ఆ పైవారం మేం మామూలుగానే పోయాం. గేటుకి ముళ్లతీగ చుట్టి ఉంది. అవ్వ లోపలే నిలబడి ఉంది. "మీ వాళ్లొచ్చినారు. అడిగింది లేదు, దిగింది లేదు. అట్లే తెరిసి పోయినారు" అంది. మామకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నోరు విప్పితే ఒట్టు. "నాదే తప్పవ్వా, నా ఎనకాలే ఎవురో సూసి వచ్చుంటారు" అని మామ చేతులు జోడించాడు. పక్కనే నిలబడి అది చూశాను.

పెద్దరోడ్డు మీద తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర ఆగాం. గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసి అడిగాడు.

"నువ్వేనా పాపా?"

"అవును మామా. ఇప్పుడే తీసేస్తాను" అని ఫోన్ తీశాను.

"ఫోన్లో తీస్తే కంకులు మళ్లీ వస్తాయా? నువ్వు పోయి ఆమెకు చెప్పల్ల. ఆ మాట నేను చెప్పకూడదు, నువ్వే చెప్పల్ల" అన్నాడు. కోప్పడలేదు. నిజంగా, రెండు తిట్టుంటే నాకు హాయిగా ఉండేది.

ఆ తర్వాత కూడా వారం వారం తొక్కాం, వేరే కొండలు, వేరే ఏర్లు. కానీ ప్రతి శనివారం సాయంత్రం పంపుతో గాలి కొడుతూ "ఈ వారం అవ్వ దగ్గరికి పోదామా?" అని అడిగేవాడు. "ఆఫీసులో రిలీజ్ ఉంది మామా." ఇంకోవారం "ఎండలు మామా." ఇంకోవారం "వానలు కదా." ఆయన "సరే" అనేవాడు. ఆ సరే వినగానే నాకు ఒళ్లు మండేది, ఆయన మీద కాదు. అలా తొమ్మిది నెలలు. నా కాలు ఒకచోట నిలవదని చెప్పాను కదా, ఆ ఒక్క గేటు వైపు మాత్రం కదిలేది కాదు.

పదకొండో రోజు అయ్యాక అత్త కిందికి పిలిచింది. పాత బనీను గుడ్డలో చుట్టిన మూట చేతిలో పెట్టింది. విప్పితే కొత్త గడియ. గ్రీజు పూసి, అంచులు అరగదీసి ఉంది.

"పోయిన చలికాలంలోనే చేసి పెట్టినాడు. పాప అవ్వ దగ్గరికి పొయ్యే దినం ఈయల్ల అని మంచం కింద దాచినాడు. నువ్వు పోతావని ఆయనకు బాగా నమ్మకం" అంది అత్త.

అప్పుడు ఏడ్చాను. అన్నాళ్లూ రాని ఏడుపు. అత్తే నన్ను ఓదార్చాల్సి వచ్చింది, చూడండి నా బతుకు.

ఆదివారం ఒక్కదాన్నే బయల్దేరాను. దారి చీలిన ప్రతిచోటా ఆగి అడిగాను. తెలిసిన దారే. ఒక గొర్రెలాయన "ఏమ్మా, మీ ముసలాయన రాలేదా?" అంటే తల ఊపి వచ్చేశాను. చేను ముందు దిగి కేకేశాను. "అవ్వా!" అని మాత్రమే అన్నాను, "పోతాండాం" అనలేదు.

అవ్వ వచ్చి నా వెనక చూసింది. "యాడ ఆయప్ప?"

చెప్పాను. ఆయన పోయిన సంగతి, ఆ వెంటనే ఆపకుండా నేను చేసిన పని కూడా. యాప్ అంటే ఏమిటో, ఫోటోలు ఎందుకు పెట్టానో, ఆయన నా తప్పు నెత్తినేసుకుంటుంటే ఎలా నోరు మూసుకున్నానో, అంతా.

"ఇప్పుడా వచ్చేది?" అంది అవ్వ. "ఆయప్ప ఉన్నప్పుడు రాకూడదా? ఆయప్ప ముందర చెప్పింటే ఎంత బాగుండు!"

మూట విప్పి గడియ ఇచ్చాను. తిప్పి తిప్పి చూసింది, కొంగుతో గ్రీజు కొంచెం తుడిచింది. తర్వాత ముళ్లతీగ చూపించి "ఇది కట్టింది నేను. విప్పేది నువ్వు" అంది.

విప్పాను. వేళ్లు గీరుకుని రక్తం వచ్చింది. అవ్వ పక్కనే నిలబడి చూసింది, సాయం పట్టలేదు. పాత గడియ ఊడదీసి కొత్తది పెట్టాను. కొలత లేకుండా, గుర్తు మీద చేసుంటాడు, నూలుపోగంత తేడా లేదు. సద్దు లేకుండా లోపలికి జారింది.

"పో" అంది అవ్వ. "ఆయప్ప మాదిరే దిగి పో."

సైకిల్ పట్టుకుని నడిచాను. ఈసారి రాగి ఇంకా పచ్చగా, మోకాలు దాకా ఉంది. వెనక అవ్వ గడియ పెట్టింది. చేను దాటాక మామ సైకిలెక్కేవాడు, అక్కణ్నుంచి ఏటిదాకా మంచి పల్లం. చేను దాటాను. చివరి గట్టు దాటాను. గడ్డి వచ్చింది, ఇసక వచ్చింది, నీళ్ల చప్పుడు కూడా వినబడుతోంది. నేనింకా సైకిలెక్కలేదు.