అడగకుండా గీసిన మీసం

సత్తెనపల్లి బస్సులో పక్క సీటు పెద్దాయన నా నున్నటి మూతి చూసి, "మీ నాన్న ఎప్పుడు పోయాడు బాబూ?" అన్నాడు.

మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తారు. ఈ రోజుల్లో కూడా ఇదేంటని నాకు చిరాకేసింది.

"నాన్న బాగానే ఉన్నారండి. మీసం నాకిష్టం లేదు, అంతే."

ఆయన కిటికీలోంచి మిరపచేల కేసి చూశాడు.

"మావాడు చేలో మందు కొడుతూ పడిపోతే గుంటూరు ఐసీయూలో పెట్టాం. నోట్లో గొట్టం కదలకుండా ప్లాస్టర్ వేయాలని నర్సమ్మ మీసం గీసేసింది. అద్దం తలుపులోంచి చూసి, నేనే చచ్చిపోయాననుకున్నా. వాడి మంచికేనంట. ఎవరు కాదన్నారు? తలుపు బయటే కూర్చున్నా గదా, ఒక్క మాట అడిగితే నేనే గీయమనేవాణ్ణి."

"ఇప్పుడెలా ఉన్నాడండీ?"

"పోయాడు. శవాన్ని చూసినోళ్లంతా నా వంకే చూశారు."

తన తెల్ల మీసాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. ఊరొచ్చి దిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.

ఆ తర్వాత నేను మీసం గీయలేదు. "ఏరా, కొత్తగా మీసం పెంచుతున్నావు?" అని నాన్న నవ్వుతూ అడిగితే, ఆయన మొహంలోకి చూడలేకపోయాను.