గదుమ కింద ఒడి

మొన్న ఆదివారం మా ఇంట్లో పాత పరుపు కుట్లు విప్పాను. లోపల దూది గడ్డలు కట్టి ఉంది. దుమ్మూ, చెమటా, ఎప్పటిదో కొబ్బరినూనే కలిసిన వాసన గుప్పుమని కొట్టింది. తుమ్ములు ఆగలేదు. ముక్కు తుడుచుకుంటూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఎవరికైనా అది పరుపు వాసనే, నాకు మాత్రం బాక్సింగ్ వాసన.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా ఊరు కేసముద్రంలో మార్కెట్ యార్డుకు పోయే తోవలో యాకూబ్ మామ పరుపుల దుకాణం ఉండేది. ఆయన పడుచుతనంలో పట్నంలో బాక్సింగ్ నేర్చుకున్నాడట. వంకరపోయిన ముక్కు తప్ప దానికి వేరే సాక్ష్యం లేదు. దుకాణం వెనక రేకుల షెడ్డులో, గోనెసంచిలో ఇసుకా పాతదూదీ కూరి దూలానికి వేలాడదీసి, తన కూతురు షమీమ్‌కూ, ఆమెతోపాటే ఏడో తరగతి చదివే నాకూ సాయంత్రాలు గుద్దడం నేర్పేవాడు. పరుపుగుడ్డ చింపి మా వేళ్లకు పట్టీలు చుట్టేవాడు. వానాకాలమంతా తడిసిన గోనె కంపు, చలికాలంలో కళ్లలోకి పోయే దూది దుమ్ము, ఎండాకాలంలో నెత్తి మాడ్చే రేకుల వేడి, ఏ కాలమైనా పక్క హోటల్లోంచి నోరూరించే మిరపకాయ బజ్జీల వాసన, బయట పత్తి ట్రాక్టర్ల హారన్లు, వాటన్నిటినీ ముంచేస్తూ పోయే గూడ్సు బండి కూత, వీటి మధ్యే నా చదువు సాగింది. బడిలోది చదువని నేనెప్పుడూ అనుకోలేదు.

గుద్దు పిడికిలిలో పుట్టదని మామ మొదటి రోజే చెప్పాడు. వెనక కాలి మునివేళ్ల మీద బీడీ ముక్క నలిపినట్టు తిరగాలి, దాంతో నడుము తిరగాలి, నడుముతో భుజం, చిట్టచివరికి పిడికిలి. ఇదంతా నాకు నెల రోజుల్లోనే పట్టుబడింది. గోనెసంచి మూలిగేలా గుద్దేదాన్ని. చేతిని వెనక్కి తీసుకోవడమే చేతకాలేదు.

“బిడ్డా, చెయ్యి పోయిన బాటనే ఎన్కకు రావాలె. సీదా గదుమ కాడికి రావాలె. నువ్వేమో కిందికి జారిడుస్తున్నవ్” అనేవాడు మామ.

నా ఎడమ చెయ్యి గుద్దుకు పోయేది బాగానే పోయి, తిరుగుదారిలో గదుమ కిందికి, అంటే గడ్డం దగ్గరికి, రాకుండా నడుము దగ్గరికి దిగిపోయేది. ఎడమ దవడకు కాపలా ఉండేది కాదు. షమీమ్ ఊరుకుంటుందా? మొదటిసారి పెదవి చిట్లింది. రెండోసారి కన్ను ఉబ్బి, సద్దుల బతుకమ్మనాడు ఒంటికన్నుతోనే తంగేడూ గునుగూ తెంపి, ఒంటికన్నుతోనే మలీద ముద్దలు మింగి, ఆడవాళ్లందరి మధ్య తలొంచుకుని చప్పట్లు కొట్టాను. మామ నా చేతిని తాడుతో మెడకు కట్టి చూశాడు, చంకలో గుడ్డ ఇరికించి చూశాడు. కట్టు విప్పితే చెయ్యి మళ్లీ కిందికే పోయేది.

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఇల్లూ, కౌలు చేనూ, మా చదువులూ అన్నీ ఆమె మాట మీదే నడిచేవి. అవ్వ ఆ కంటిని చూసి గట్టిగా ఏమీ అనలేదు. “నీ మొఖం మీద ఇంకొక్క దెబ్బ కనవడ్డదంటే బందు. మల్ల అడగొద్దు” అంది, అంతే. అవ్వ బందంటే బందే. చలికాలం చివర జనగామలో పోటీలున్నాయి, మమ్మల్నిద్దర్నీ తీసుకుపోతానని మామ మాటిచ్చాడు. అప్పటికి నేను జనగామ కూడా చూడలేదు. ఆ పోటీ తప్ప లోకంలో నాకింకేమీ అక్కర్లేదు.

పది రోజులు కాకుండానే దవడ వాచింది. చున్నీ కప్పుకుని, పన్ను నొప్పని అబద్ధమాడాను. అవ్వ నమ్మినట్టే ఊరుకుని, మర్నాడు సాయంత్రం నా వెనకే షెడ్డుకు వచ్చింది. నన్ను లాక్కుపోవడానికే వచ్చిందనుకున్నాను. మామ దబ్బనం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అవ్వ గుమ్మంలోనే ఆగి, కాసేపు గుద్దమంది. గుద్దాను. ఇంకా గుద్దమంది. గుద్దాను. చాలాసేపు నా చేతులనే చూసింది.

“యాకూబన్నా, గిది గుద్దుతలేదే. పత్తి ఏరుతుంది” అంది.

మామకు అది ఎన్నడూ తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ దూదిలో బతికిన మనిషి, చేలో మాత్రం ఒక్క పూటా ఏరలేదు. నడుముకు కట్టుకున్న ఒడిలోకి పత్తి వేసుకుంటూ ఏరుతాం కదా, చెయ్యి కాయ దగ్గరికి పోతుంది, గింజతో సహా దూది లాగుతుంది, నడుము దగ్గరి ఒడిలోకి దిగుతుంది. రోజుకు ఎన్ని వేలసార్లో. ఆరేళ్ల వయసు నుంచీ అవ్వ పక్క సాలులోనే నేను అలా ఏరుతున్నాను. నా చెయ్యి నేర్చుకున్న తిరుగుదారి అదొక్కటే.

బందు మాట ఎత్తకుండా ఆ రాత్రి అవ్వ యూరియా సంచి కోసి, దానికి పొట్టి పట్టీ కుట్టి, తెల్లారి చేలో నా మెడకు తగిలించింది. సంచి మూతి సరిగ్గా గదుమ కింద ఉంది. “గిండ్లనే ఎయ్యాలె. కిందికి పోతే నా శేతుల దెబ్బలు తింటవ్” అంది. పక్క చేలవాళ్లు కడుపుబ్బ నవ్వారు, గుర్రానికి దాణా సంచి కట్టినట్టుందన్నారు. భుజాలు పీకేవి, ముక్కులోకి దూది పోయేది, సగం పత్తి కూడా ఏరలేకపోయేదాన్ని. నేను ఏరలేనిది అవ్వ తన సాలుతోపాటు ఏరుకుంటూ వచ్చేది. పత్తి ఏరే రోజుల్లో ఎప్పటిలాగే బడి మాని, మంచు ఆరకముందే మొదలుపెట్టి, మధ్యాహ్నం గట్టు మీద మామిడికాయ తొక్కుతో సద్దన్నం తిని, పొద్దు వంగేదాకా ఆ రెండు నెలలూ నా చేతులు గదుమ కిందికే వచ్చాయి. చివరి ఏరుడు నాటికి షమీమ్ గుద్దులు నా చేతుల మీద పడటం మొదలైంది.

జనగామలో నేను ఓడిపోయాను. నాకంటే జానెడు పొడుగైన పిల్ల నన్ను బరి చుట్టూ తిప్పి తిప్పి గెలిచింది. తిరుగు రైలు దిగేసరికి అవ్వ స్టేషన్లో ఉంది. ఏమీ అడగకుండా నా గదుమ పట్టుకుని, వెలుతురుకేసి అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“ఓడిపోయిన అవ్వా.”

“మొఖం మంచిగనే ఉంది. మల్ల పోదువు తీ.”

అలా పోయి పోయి, ఇప్పుడు భూపాలపల్లిలో ఒక బడిలో ఆటల టీచరుగా ఉన్నాను. మేం కౌలుకు చేసిన చేలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి. మామ దుకాణం ఉన్నచోట ఫోన్ల కొట్టు పెట్టారు, మామా లేడు. అవ్వ పోయి రెండేళ్లయింది.

నా దగ్గరికి బాక్సింగ్‌కు వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి గుద్దేటప్పుడు ప్రతిసారీ మోచెయ్యి పక్కకు లేస్తుంది. మూడు నెలలుగా చెబుతున్నాను, తాడు కట్టాను, గుడ్డ ఇరికించాను. పోయినవారం వాళ్లింటికి వెళ్లి, ఈ పిల్ల ఇంట్లో చేతులతో ఏం పని చేస్తుందని వాళ్లమ్మను అడిగాను. “ఏమో టీచర్, నేను పొద్దుగాల పోతే మాపటికొస్త. దాని శేతులు నేనెప్పుడు చూసిన” అంది పాపం. తప్పు ఆమెది కాదు. పిల్ల పక్కన నిలబడి పని చేయడానికి ఆమెకు చేను లేదు, సాలు లేదు.

అవ్వ ఉంటే ఒక్క సాయంత్రం మా గ్రౌండు గోడ పక్కన నిలబెట్టేదాన్ని. ఆ పిల్ల మోచేతికేమైందో చెప్పాక, నన్నూ కాసేపు గుద్దమని అడిగేదేమో. నా చేతులిప్పుడు ఎటు పోతున్నాయో చూసి చెప్పేవాళ్లు నాకెవరూ లేరు.